పిల్లలతో, గాడిదతో వెలే పల్లెల మీదుగా నడక ఎలా?

ఫ్రాన్స్‌లోని వెలే పీఠభూమి ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాల నేల. దాని మీద ఇప్పుడు పచ్చ మసూర చేలు, ఆవుల మేతభూములు. 1878లో రచయిత స్టీవెన్‌సన్ మోదెస్తీన్ అనే గాడిదతో బయల్దేరింది ఇక్కడి లె మొనాస్తియే అనే ఊరి నుంచే. ఆ దారే నేటి జీఆర్ 70 అనే సుదూర నడకదారి. తెలుపు, ఎరుపు పట్టీల గుర్తులు చూసుకుంటూ నడవాలి. గాడిదలు అద్దెకు దొరుకుతాయి.

ముందు దూరం తేల్చుకోండి. పిల్లలుంటే రోజుకు 10–12 కి.మీ. చాలు, గాడిద నడిచేది గంటకు 3–4 కి.మీ.నే. మొదటి రోజు గూదే అనే ఊరు, రెండో రోజు లె బూషే ఊరు, మూడో రోజు అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన గుండ్రటి బూషే సరస్సు చుట్టూ నడక.

గాడిద మీద బరువు 40 కిలోలు దాటనివ్వకండి. అలసిన పిల్లవాణ్ణి ఎక్కించాలంటే సంచులు దించాల్సిందే. రెండు పక్కల సంచులనూ చేతి తూకంతో సరిచూడండి. ఒక పక్క బరువెక్కితే జీను జరిగి వీపు ఒరుసుకుపోతుంది.

జీను వేసే ముందు గిట్టలు చూడాలి, ఇది మానకూడదు. ఈ దారుల్లో ఎర్రటి అగ్నిపర్వతపు కంకర ఉంటుంది. చిన్న పలుకు ఇరుక్కున్నా గాడిద కుంటుతుంది. భుజం దగ్గర తోక వైపు తిరిగి నిలబడి, చేతిని కాలి మీదుగా కిందికి నిమిరితే కాలెత్తుతుంది. గిట్టలు శుభ్రం చేసే కొక్కేన్ని మడమ నుంచి ముందు అంచు వైపు లాగండి. మధ్యలో వి ఆకారంలో ఉండే మెత్తటి భాగానికి మొన తగలకూడదు, దాని రెండు పక్కల గాడుల్లోని మట్టి మాత్రమే తీయాలి. మధ్యాహ్నం మళ్లీ చూడండి.

తర్వాత వీపు బ్రష్ చేసి, జీనును కాస్త ముందు పెట్టి వెనక్కి జరపండి, వెంట్రుకలు సాఫుగా పడుకుంటాయి. పొట్ట కింది పట్టీని బిగించి, పావుగంట నడిచాక మళ్లీ బిగించాలి. బయల్దేరేటప్పుడు గాడిద పొట్ట ఉబ్బిస్తుంది. గూదేకు దిగే వాలులో బరువు మెడ మీదికి జారకుండా తోక కింది పట్టీ కూడా సరిచూడండి. అక్కడ పిల్లల్ని దించి నడిపించడమే మేలు.

పగ్గాన్ని చేతికి చుట్టుకోవద్దు. పిల్లల్ని వెనక కాళ్ల దగ్గరికి పోనివ్వకండి. గాడిద ఆగిందంటే మొండితనం అనుకోకండి, చాలాసార్లు అది భయం. వాగు దగ్గరో వంతెన దగ్గరో చూసి, వాసన పట్టి, నిర్ణయించుకునే సమయం ఇవ్వండి. లాగితే ఇంకా బిగుసుకుంటుంది. మేయడానికి ఆగితే మాత్రం వెంటనే తల ఎత్తించండి. మసూర చేను రైతు సొత్తు. ఒకసారి అలవాటైతే రోజంతా అదే పని.

బస చేరగానే, మీరు కూర్చునే ముందు, జీను దించి నీళ్లు పెట్టండి. పట్టీలు ఆనిన చోట్ల అరచేతితో తడమండి. వేడిగానో వాపుగానో తగిలితే మర్నాడు బరువు వేయకూడదు. వాన పడేలా ఉంటే కప్పు ఉన్న చోటే కట్టండి. గాడిద వెంట్రుకలు నీటిని ఆపలేవు.