మ్యూనిక్ బీర్ గార్డెన్‌లో ఆఫీసు వాళ్లతో మధ్యాహ్నం గడపడం ఎలా?

వెళ్లగానే బీరు క్యూలో నిలబడకండి, ముందు బల్ల చూసుకోండి. మిగతాదంతా కూర్చున్న చోటును బట్టే ఉంటుంది. గుడ్డ పరిచిన బల్ల దగ్గరికి వెయిటర్ వస్తారు. అక్కడ తిండీ తాగుడూ వాళ్ల దగ్గరే కొనాలి. గుడ్డ లేని చోట సెల్ఫ్ సర్వీస్. అక్కడ తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు, పానీయాలు మాత్రం కొనాల్సిందే. 1812లో బవేరియా రాజు మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ బీరు తయారీదారులకు తాము బీరు నిల్వ చేసే నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకునే అనుమతి ఇచ్చాడు కానీ, రొట్టె తప్ప వేరే తిండి అమ్మనివ్వలేదు. అందుకే జనం ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి పులిహోర, గారెలు మొహమాటం లేకుండా పట్టుకెళ్లండి, కారం కాస్త తగ్గించి. భవనం లోపలి హాల్లో మాత్రం డబ్బా విప్పకూడదు.

ఎండ కాసే శుక్రవారం అయితే ఇద్దరు ముందే వెళ్లి బల్ల పట్టాలి. సగం ఖాళీగా ఉన్న బల్ల దగ్గర ‘ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?’ (ఇక్కడ ఖాళీ ఉందా?) అని అడిగి కూర్చోవచ్చు. ‘ష్టామ్‌టిష్’ అనే బోర్డు ఉంటే అది రోజూ వచ్చేవాళ్ల బల్ల, వదిలేయండి.

ఎక్కువమంది తప్పు చేసేది మోతాదు దగ్గర. ‘మాస్’ అంటే లీటరు మగ్గు. మామూలు హెల్లెస్ బీరులో ఆల్కహాల్ సుమారు 5 శాతం, అంటే ఒక్క మగ్గులో దాదాపు 40 గ్రాములు. అది ఒంట్లోంచి పోవడానికి చాలామందికి ఐదారు గంటలు పడుతుంది. మధ్యాహ్నానికి ఒక్క మగ్గు చాలు. ఇంకాసేపు కూర్చోవాలనిపిస్తే రాడ్లర్ తీసుకోండి: సగం బీరు, సగం నిమ్మ సోడా. తాగనివాళ్లకు యాపిల్ రసంలో సోడా కలిపిన అప్ఫెల్‌షోర్లె, కోలాలో నారింజ సోడా కలిపిన స్పెట్సి దొరుకుతాయి. ఎందుకు తాగట్లేదని అక్కడ ఎవరూ నిలదీయరు.

ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. మంచింగ్‌కి ఓబాట్స్‌డా బాగుంటుంది: మెత్తని చీజ్‌లో వెన్న, పాప్రికా అనే మిరపపొడి, ఉల్లి కలిపి చేస్తారు, ముడి వేసినట్టుండే బ్రెట్సెల్ రొట్టెతో నంజుకోవాలి. శాకాహారులు చీజ్ కలిపిన నూడుల్స్ లాంటి కేజ్‌ష్పెట్స్‌లె అడగొచ్చు కానీ అందులో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు. అడిగే తీసుకోండి.

అందరి గ్లాసులూ వచ్చేదాకా ఆగండి. తర్వాత ఒక్కొక్కరి కళ్లలోకి చూస్తూ ‘ప్రోస్ట్’ (చీర్స్) అనాలి. పొడవాటి గోధుమ బీరు గ్లాసుకు పైఅంచు పలచగా ఉంటుంది, అడుగు మందంగా ఉంటుంది. అడుగు వైపే తగిలించండి.

బిల్లు దగ్గర ఎవరిది వాళ్లే కట్టడం మామూలు. ‘నేను పిలుస్తున్నాను’ అన్నవాళ్లే అందరికీ కడతారు, ఎవరిదైనా పుట్టినరోజు అయితే ఆ రోజు వాళ్లే. వెయిటర్ ‘త్సుజామెన్ ఓడర్ గెట్రెంట్?’ అంటే కలిపా, విడివిడిగానా అని. 18.20 యూరోలైతే నోటు ఇస్తూనే ‘20’ అనండి. టిప్ అందులోనే వచ్చేస్తుంది. నోటు ఇస్తూ ‘డాంకె’ (థాంక్స్) అంటే చిల్లర ఉంచుకోమన్నట్టు అర్థం చేసుకోవచ్చు, జాగ్రత్త. నగదు దగ్గర పెట్టుకోండి. సెల్ఫ్ సర్వీస్‌లో మగ్గుకు డిపాజిట్ తీసుకుని టోకెన్ ఇస్తే, ఆ టోకెన్ పోగొట్టుకోవద్దు. మగ్గుతో పాటు అదీ చూపిస్తేనే డబ్బు తిరిగొస్తుంది.

కారు తేవద్దు. రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5, 21 ఏళ్ల లోపువాళ్లకు, ప్రొబేషన్‌లో ఉన్న కొత్త డ్రైవర్లకు సున్నా. సైకిల్ మీదైనా 1.6 దాటితే నేరమే. ఐదుగురి దాకా కలిసి తిరిగే గ్రూప్ డే టికెట్ ఒకటి కొంటే ఎస్-బాన్ (సబర్బన్ రైళ్లు), యు-బాన్ (మెట్రో), ట్రాములు అన్నిటికీ అదే సరిపోతుంది.