ఎండలు ముదరక ముందే కణాన్ని సిద్ధం చేసుకుందాం

యాసంగి వరి కోతలు ఊపందుకునే నాటికి నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకినా ఇక్కడ ఎవరూ వింతగా చెప్పుకోరు. వడ్లు ఆరబోసుకొని తూకం కోసం రోజుల తరబడి కొనుగోలు కేంద్రంలో కాపలా ఉండే రైతులకు, ఉపాధి హామీ కింద మట్టి తవ్వే కూలీలకు, బత్తాయి తోటల్లో పనిచేసేవారికి గడ్డు కాలం అప్పుడే మొదలవుతుంది. ఏటా వినిపించే సలహా మాత్రం ‘గొడుగు పట్టుకోండి, నీళ్లు బాగా తాగండి’ అన్న దగ్గర ఆగిపోతుంది. అది తప్పు కాదు గాని, చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ఎండ చివరికి దెబ్బతీసేది చర్మాన్ని కాదనీ, చర్మం కింద ఉన్న కణాలననీ ముందుగా గుర్తించాలి.

మన కణాలు 37 డిగ్రీల దగ్గర పనిచేయడానికి అలవాటుపడ్డాయి. కణంలో పనులు చక్కబెట్టే ప్రోటీన్లు పొడవాటి గొలుసుల్లాంటివి. ఒక్కొక్కటి తనదైన పద్ధతిలో మడతపడి ఉంటేనే పనికి వస్తుంది. ఒంటి లోపలి వేడి 40 దాటి 41, 42 డిగ్రీల వైపు పోతున్నకొద్దీ కొన్ని ప్రోటీన్ల మడతలు సడలి, ఒకదానికొకటి అంటుకొని ముద్దకడతాయి. అయితే కణం చేతులు కట్టుకొని కూర్చోదు. పాడవుతున్న ప్రోటీన్లను పట్టుకొని మళ్లీ సరిగ్గా మడతపడేలా చేసే సహాయక ప్రోటీన్లను హడావిడిగా తయారుచేసుకుంటుంది. ఈ స్పందన మొదట బయటపడింది పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో. ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా 1962లో దాన్ని ప్రకటించారు. ఈగలను ఉంచిన పెట్టెలో వేడిని ఎవరో పొరపాటున పెంచడంతో అది ఆయన కంట పడిందని చెబుతారు. ఈగలోనే కాదు, వరి మొక్కలోనూ మనిషిలోనూ ఇదే ఏర్పాటు ఉంది.

ఈ ఏర్పాటుకు తోడు చెమట గ్రంథులు, మూత్రపిండాలు, గుండె కూడా వేడికి తగ్గట్టు సర్దుకోవాలి. రోజూ కొంతసేపు వేడిలో పనిచేస్తే ఆ సర్దుబాటుకు 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, అందులో పోయే ఉప్పు మాత్రం తగ్గుతుంది. అందువల్ల ఎండకు కొత్తవారు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతుకు మించి చేయకుండా, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచుకుంటూ పోవాలి. పాత అలవాటున్నవారైనా విరామం తర్వాత సగం పనితోనే మొదలుపెట్టాలి. వారం రోజులు నీడపట్టున ఉంటే చాలు, వచ్చిన అలవాటు సడలడం మొదలవుతుంది. నా లెక్కలో అందరికంటే ఎక్కువ ప్రమాదం ముసలి రైతుకు కాదు. హైదరాబాదులో ఏడాదంతా ఏసీ గదిలో పనిచేసి, రెండు రోజుల సెలవు మీద వచ్చి, నాయనకు సాయంగా మొదటి రోజే వడ్ల బస్తాలు ఎత్తే పాతికేళ్ల కొడుక్కు. కండరం ఖర్చుపెట్టే శక్తిలో పనిగా మారేది నాలుగో వంతు కూడా ఉండదు, మిగిలినదంతా వేడే. బలమున్న కుర్రాడు బలంగా పనిచేస్తే ఆ వేడి కూడా అంతగానే పుడుతుంది.

ఇక నీళ్లూ ఉప్పూ. ఉప్పులో ఉండే సోడియం కణానికి బయట ఎక్కువ, పొటాషియం అనే మరో లవణం లోపల ఎక్కువ. లీటరుకు లెక్కవేస్తే బయట సోడియం సుమారు 140 మిల్లీమోళ్లు (రేణువుల సంఖ్యను లెక్కించే కొలత), లోపల 10 నుంచి 15. పొటాషియం సరిగ్గా తారుమారు, లోపల 140, బయట 4. ఈ తేడాను నిలబెట్టడానికి కణపు పొరలో ఒక పంపు ఉంది. అది మూడు సోడియం అయాన్లను (విద్యుదావేశమున్న పరమాణువులను) బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూ, క్షణం ఆగకుండా శక్తిని ఖర్చుపెడుతుంది. 1957లో దీని జాడ కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు కావలసిన సంగతి ఏమిటంటే, నీరు ఎప్పుడూ ఉప్పు ఎక్కువున్న వైపు నడుస్తుంది. చెమటలో ఉప్పు పోగొట్టుకున్న మనిషి ఒట్టి నీళ్లే చెంబుల కొద్దీ తాగితే రక్తం పలచబడి, నీరు కణాల్లోకి దూరి వాటిని ఉబ్బిస్తుంది. మిగతా చోట్ల కణం ఉబ్బడానికి కొంత జాగా ఉంటుంది గాని, పుర్రె లోపల మెదడుకు ఆ జాగా లేదు.

ఎవరికి ఎంత ఉప్పు పోతున్నదో చొక్కా చూసి చెప్పవచ్చు. ఒక యాసంగిలో కొనుగోలు కేంద్రం దగ్గర మా చిన్నాయన నల్ల చొక్కా వీపున చెమట ఆరినచోటల్లా ముగ్గు పోసినట్టు తెల్లటి చారలు కట్టాయి. పొద్దున్నుంచి క్యాను నీళ్లు తాగుతూనే ఉన్నాడు, అయినా మధ్యాహ్నానికి రెండు పిక్కలూ రాయిలా పట్టేసి టార్పాలిన్ పరదా మీదే కూలబడ్డాడు. ఉప్పు వేసిన మజ్జిగ తాగించి, నీడలో గంటసేపు పడుకోబెట్టి, కాళ్లు సాగదీస్తే గాని లేవలేకపోయాడు. అలాంటి చారలు కనిపించిన రోజు ఒట్టి నీళ్ల మీద ఆధారపడకూడదు.

పనిలో ఉన్నంతసేపు దాహం కోసం చూడకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి. గంటకు లీటరున్నర మించనీయకూడదు. ఉప్పు వేసిన మజ్జిగ, తైదల (రాగుల) అంబలి, గంజి ఈ నేల మీద ఎప్పటి నుంచో ఉన్న మంచి ఏర్పాట్లు. పేగు గోడలోని కణాల్లో సోడియాన్నీ గ్లూకోజునూ జతగా లోపలికి తీసుకునే ద్వారం ఉంది, ఆ జంట వెంట నీరు కూడా పోతుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని పొట్లం మీద ఉన్నదే కొని, దానిపై రాసినంత నీటిలో పొట్లమంతా ఒకేసారి కలపాలి. సగం పొట్లాన్ని అందాజుగా గ్లాసులో కలిపి తాగడం మన దగ్గర తరచుగా జరిగే పొరపాటు. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు సరిపోతాయి. చెంచాలు తలకొట్టి కొలవాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు పెంచుకునే ముందు వైద్యుడిని అడగాలి.

మన నల్లగొండ ప్రాంతంలో నీళ్ల విషయంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎండాకాలం తాగే నీరు పెరుగుతుంది కాబట్టి, ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లే తాగితే ఒంట్లోకి పోయే ఫ్లోరైడు కూడా అంత పెరుగుతుంది. నీళ్లు మరిగిస్తే అది పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. అందుకని పొలానికి ఇంటి నుంచే నల్లా నీళ్లు మోసుకుపోవడం మేలు. కల్లు చలువ అంటారు గాని, అందులోని ఆల్కహాలు మూత్రాన్ని పెంచి నీటిని బయటికి పంపిస్తుంది. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే కణానికి జరిగే మేలేమీ లేదు. దాన్ని గటుకలో నంజుకోవడమే నయం.

మందుల సంగతి మార్చిలోనే తేల్చుకోవాలి. బీపీకి వాడే మూత్రం మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు నీటినో చెమటనో తగ్గిస్తాయి. ఎవరికి వారు ఆపకుండా, మోతాదు గురించి వైద్యుడితో మాట్లాడుకోవాలి.

చెమట చల్లబరచేది ఆవిరైనప్పుడే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది; కారి నేలపాలైన చెమట ఉప్పును తీసుకుపోవడం తప్ప చేసేదేమీ లేదు. కాబట్టి ఒంటికి అతుక్కునే పాలిస్టర్ బట్ట కంటే వదులైన నూలు బట్ట, తలకు తడి తువాల మంచివి.

ఇన్ని చేసినా ఒకరు తూలుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ కనబడితే అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతున్నది కదా అని తీసిపారేయకూడదు. ఆ స్థితిలో రక్తం ఎక్కువగా చర్మం వైపు మళ్లి పేగు కణాలకు ఆక్సిజన్ తగ్గుతుంది, వాటి మధ్య అతుకులు సడలి, సూక్ష్మజీవుల విషపదార్థాలు రక్తంలోకి జారుతాయి. ప్రతి నిమిషమూ విలువైనదే కనుక ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగిలినవారు మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బోరు మోటారు కిందనైనా సరే ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి; ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ జ్వరానికి మందు, వడదెబ్బకు కాదు. పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద భారం వేస్తుంది. ఒళ్లు కాలకుండా, చాలా నీళ్లు తాగిన తర్వాత తలనొప్పి, వాంతులు, తికమక వస్తే మాత్రం ఇంకా నీళ్లు పట్టించకుండా దవాఖానకు తీసుకుపోవాలి.

తేరుకున్న మనిషిని మర్నాడే పనికి పంపకూడదు. తర్వాతి రెండు మూడు రోజులు మూత్రాన్ని గమనించాలి. అది డికాక్షన్ రంగులో వస్తే కండర కణాలు చిట్లి వాటి లోపలి పదార్థం మూత్రపిండాలకు చేరుతున్నదని అర్థం కాబట్టి, నొప్పులు తగ్గినా సరే అదే రోజు దవాఖానలో చూపించి రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించాలి.