డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు పిల్లాడి రాత్రులు రాసుకోండి

మావాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. "ఒక్కచోట కూర్చోడండి, సగం రాసి వదిలేస్తాడు" అని టీచరుగారు ఆర్నెల్లుగా చెబుతూనే ఉన్నారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని ఇబ్బంది) ఏమోనని భీమవరంలో పిల్లల డాక్టరుగారికి చూపించాం. ఆయన మొదట అడిగింది బడి గురించి కాదు. "రాత్రిపూట ఎలా పడుకుంటాడమ్మా?" అన్నారు. పక్కలోనే పడుకునే తల్లిని, నాకు జవాబు తెలీలేదు. మా ఆయన రాత్రంతా రొయ్యల చెరువు మీదే ఉంటారు, ఆయన్ని అడిగీ లాభం లేదు.

అందుకే చెబుతున్నాను, ముందు ఒక నోటుపుస్తకం పెట్టండి. రెండు వారాలు చాలు. సంక్రాంతి వారంలో మాత్రం మొదలుపెట్టకండి, పందాల బరుల దగ్గర లైట్లు, చుట్టాలు, ఆ రోజుల్లో ఏ పిల్లాడూ వేళకి పడుకోడు. పక్కెక్కింది ఎప్పుడు, నిజంగా కన్ను మూసింది ఎప్పుడు, ఎన్నిసార్లు లేచాడు, పొద్దున తనే లేచాడా, లాగి లేపాల్సి వచ్చిందా, ఇవన్నీ రాయండి. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మావాడి లెక్క కడితే ఎనిమిది కూడా రాలేదు. మనకి నిద్ర చాలకపోతే తూలుతాం. పిల్లలు చాలామంది తూలరు, ఇంకా గెంతుతారు, చిరాకుపడతారు, చెప్పింది బుర్రకెక్కదు. అందుకే నిద్రలేమి అని మనకి తట్టదు.

నిద్రపోయాక కూడా ఒకసారి లేచి చూడండి, ఫ్యాను ఆపి మరీ. ఇది నాకు అనుకోకుండా తెలిసింది. నాలుగో రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి దోమతెరలోంచి గురక వినిపించింది. నోరు తెరుచుకుని, మెడ వెనక్కి విరుచుకుని పడుకున్నాడు, తలగడ చొంగతో తడిసిపోయింది. గురక ఉన్నట్టుండి ఆగింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఏడు దగ్గర గక్కున ఊపిరి లాక్కుని అటు దొర్లాడు. నా గుండె జారిపోయింది. ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీశాను. నేను నోటితో వంద చెప్పినా అర్థం కానిది ఆ వీడియో చూడగానే డాక్టరుగారికి అర్థమైంది. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగి ఊపిరికి అడ్డుపడుతోందని ఈఎన్‌టీ డాక్టరు తేల్చారు.

కాళ్ళు అదేపనిగా తన్నుకుంటున్నా, పడుకోగానే కాళ్ళు లాగుతున్నాయని ఏడ్చినా అదీ రాయండి. ఒంట్లో ఐరన్ తక్కువైతే అలా ఉండొచ్చు, రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడమని అడగండి. సొంతంగా ఐరన్ సిరప్ పట్టకండి. నిద్రపోతాడని జలుబు మందు పట్టే అలవాటు మా వీధిలోనూ ఉంది, దయచేసి వద్దు. పిల్లాడు ఇప్పటికే మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఏడీహెచ్‌డీ మందు వాడుతుంటే ఏ వేళకి వేశారో పక్కన రాయండి. ఆలస్యంగా వేస్తే రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. వేళ మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టరే చెప్పాలి.

ఇంట్లో మేం మార్చింది తక్కువే. సాయంత్రం టీ మానిపించాం. పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోను లేవు. ఆదివారమైనా లేచే వేళ ఒక్కటే. మొదటి వారం గొడవే చేశాడు.

నిద్ర సరిచేస్తే ఏడీహెచ్‌డీ ఉండదని మాత్రం అనుకోకండి. ఆ ఇబ్బంది ఉన్న పిల్లల్లో నిద్ర సమస్యలు ఎక్కువే, రెండూ కలిసి ఉండొచ్చు. అడినాయిడ్స్ ఆపరేషన్ తర్వాత మావాడి గురక పోయింది, పిలిస్తే లేస్తున్నాడు, ఎక్కాలు పూర్తిగా అప్పజెబుతున్నాడు. రాతపని దగ్గర కుదురు ఇంకా రాలేదు. దానికి వచ్చే నెల మళ్ళీ చూపిస్తున్నాం, నోటుపుస్తకం మళ్ళీ మొదలుపెట్టాను.