ఎల్‌పీజీ అని బట్టీ పట్టకుండా 1991 సంస్కరణలు చదవడం ఎలా?

తిరుపతిలో గ్రూప్-2 పిల్లలకు ఎకానమీ చెబుతాను. 1991 సంస్కరణల మీద జవాబు రాయమంటే దాదాపు అందరూ లిబరలైజేషన్, ప్రైవేటైజేషన్, గ్లోబలైజేషన్ (ఈ మూడింటి పొట్టిపేరే ఎల్‌పీజీ) అని మొదలుపెట్టి, మూడింటికీ నిర్వచనాలు రాసి, "దీనివల్ల వృద్ధి పెరిగింది" అని ముగిస్తారు. అది చదివితే ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఎవరికీ అర్థం కాదు. నేను క్లాసులో చేయించే పద్ధతి ఇది. పరీక్షలు రాయనివాళ్లకూ పనికొస్తుంది.

ఒక తెల్లకాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్కన "డాలర్ల కొరత" అని, కుడి పక్కన "లైసెన్సులు" అని రాయండి. అప్పుడు దేశానికి ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది అప్పటికప్పుడు మెడకు చుట్టుకుంది, రెండోది నలభై ఏళ్లుగా పేరుకుపోయింది. ఏ నిర్ణయం గురించి చదివినా అది ఏ పక్కకు వస్తుందో తేల్చుకుని రాసుకోండి. సగం తికమక అక్కడే పోతుంది.

ఎడమ పక్కన తేదీల వరసలో నింపండి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర పెరిగింది, అక్కడి మనవాళ్లు పంపే డబ్బు ఆగింది. మా నాన్న అప్పుడు కువైట్‌లో డ్రైవర్. విమానాల్లో వెనక్కి తెచ్చిన సుమారు లక్షా డెబ్బై వేల మందిలో ఆయన ఒకరు. రాజంపేట చుట్టుపక్కల మాలాంటి ఇళ్లు ఎన్నో. నెలనెలా వచ్చే డ్రాఫ్టు అందరికీ ఒకేసారి ఆగిపోయింది. ఆ డ్రాఫ్టులన్నీ కలిస్తే దేశానికి డాలర్లు. విదేశీ చెల్లింపుల సమతుల్యం (దేశంలోకి వచ్చే, బయటకు పోయే డబ్బు లెక్క) అనే పాఠాన్ని నేను ఇప్పటికీ ఆ డ్రాఫ్టుతోనే మొదలుపెడతాను.

అయితే తప్పంతా యుద్ధం మీద వేయకండి. 1990-91లో కేంద్ర ద్రవ్యలోటు, అంటే రాబడికి మించి అప్పుతో చేసిన ఖర్చు, జీడీపీలో 8 శాతం దాటింది. దాంతోపాటు స్వల్పకాలిక విదేశీ అప్పులు పెరిగాయి, ఎన్నారైలు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. చివరికి చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు కూడా బొటాబొటీ అయ్యింది. డాలర్ల కోసం 1991 మే నెలలో స్టేట్ బ్యాంక్ ద్వారా 20 టన్నుల బంగారం, జులైలో రిజర్వ్ బ్యాంక్ నుంచి మరో 47 టన్నులు విదేశాలకు వెళ్లాయి. జులై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. ఇక్కడ ఒక జాగ్రత్త. పీవీ నరసింహారావు ప్రమాణ స్వీకారం చేసింది జూన్ 21న. మే నెల బంగారం చంద్రశేఖర్ ప్రభుత్వ కాలానిది. ఇది కలిపేసి రాసేవాళ్లు చాలామంది.

ఇప్పుడు కుడి పక్క. జులై 24న ఒకే రోజు పారిశ్రామిక విధానం, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ బడ్జెట్ రెండూ పార్లమెంటు ముందుకొచ్చాయి. పిల్లలు బడ్జెట్ ప్రసంగం పట్టుకుంటారు. నా సలహా, ముందు పారిశ్రామిక విధాన ప్రకటన చదవండి. 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పింది అదే. పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారన్న సంగతి కూడా జవాబులో రాయండి. లైసెన్స్ అంటే ఏమిటో అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, స్కూటర్ బుక్ చేసి ఎన్నేళ్లు ఎదురుచూశారో చెబుతారు. కొనేవాళ్లున్నా, కంపెనీ తన ఇష్టప్రకారం ఉత్పత్తి పెంచడానికి వీల్లేని కాలం అది.

కాగితం నిండాకే వృద్ధి అంకెల దగ్గరికి రండి. రిజర్వ్ బ్యాంక్ ఏటా వేసే గణాంకాల పుస్తకంలో జీడీపీ పట్టిక ఉంటుంది. 1991-92 చూడగానే ఆశ్చర్యపోతారు, వృద్ధి ఒకటిన్నర శాతం కూడా లేదు. కారణం ఎడమ పక్కనే ఉంది. డాలర్లు కాపాడుకోవడానికి దిగుమతులను బిగించారు. సరుకు తెప్పించుకోవాలంటే దాని విలువకు మించిన నగదు ముందే బ్యాంకులో కట్టాల్సి వచ్చింది. ముడిసరుకు లేక ఫ్యాక్టరీలు నెమ్మదించాయి. మరుసటి ఏడాదికి కోలుకుని, 1994-97 మధ్య సుమారు 7 శాతం దాకా వెళ్లింది. పక్కనే 1980ల సగటు కూడా వేసుకోండి, ఐదున్నర శాతం దగ్గర ఉంటుంది. కాబట్టి వృద్ధి 1991లోనే పుట్టిందని రాయడం తప్పు. 80ల వృద్ధి అప్పుల మీద నడిచింది. ఆ తర్వాతి వృద్ధికి ఎగుమతులు, ప్రైవేటు పెట్టుబడి తోడయ్యాయి.

కాగితం అడుగున ఇంకో గడి గీసి "ఆలస్యమైనవి, వదిలేసినవి" అని పేరు పెట్టండి. నేను ఎక్కువ మార్కులిచ్చేది ఈ గడి నింపినవాళ్లకే. వినియోగ వస్తువుల దిగుమతులపై పరిమాణ ఆంక్షలు (ఇంతకు మించి తేకూడదన్న పరిమితులు) పూర్తిగా పోయింది 2001లో. చిన్న పరిశ్రమలకు రిజర్వు చేసిన వస్తువుల జాబితాలో ఆఖరివి తీసేసింది 2015లో. సేద్యానికి నీళ్లు, అప్పు, గిట్టుబాటు ధర అనే ప్రశ్నలను 1991 పెద్దగా ముట్టుకోలేదు. పైగా 1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు వదిలారు. బోరు ఎండిన అనంతపురం వేరుశనగ రైతు మలేషియా నూనెతో పోటీ పడాల్సి వచ్చింది. సంస్కరణలు అవసరమని గట్టిగా నమ్మేదాన్నే నేను. అయినా ఆ రైతు పేరెత్తని జవాబు నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

రాసేటప్పుడు వరస ఇది. సంక్షోభం, తక్షణ చర్యలు, లైసెన్సుల రద్దు, వృద్ధి, చివర అడుగు గడి. ఎల్‌పీజీ అన్న మాట వాడాలనిపిస్తే మూడో పేరాలో ఒక్కసారి వాడండి, చాలు.