నాసి లెమాక్: కొబ్బరిపాల అన్నాన్ని, సంబల్‌ను ఇంట్లో వండుకునే విధానం

కొబ్బరిపాలతో ఉడికించిన అన్నం, దాని మీద ఎండుమిరపకాయల సంబల్, పక్కన కరకరలాడే ఎండు నెత్తళ్లు, వేయించిన వేరుశనగ పప్పులు, నాలుగు కీరా ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు: ఇవన్నీ ఒకే ఆకులో చేరితే అది నాసి లెమాక్. మలేషియాలో ప్రధానంగా ఇది ఉదయపు తిండి. అయితే అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే మామక్ హోటళ్లలోనూ (భారతీయ మూలాల ముస్లింలు నడిపేవి) దొరుకుతుంది కనుక రోజులో ఏ వేళనైనా తినేవారు కనిపిస్తారు. మలయ్‌లు, చైనీయులు, భారతీయ మూలాలవారు ఎవరికి వారు ఇది తమదేనని తినే వంటకాలలో దీనికే మొదటి స్థానం ఇవ్వవచ్చు. మలేషియా ఉదయపు ఫలహార సంస్కృతిని యునెస్కో 2024 డిసెంబరులో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, అందులో రోటీ చనాయ్ అనే పొరల రొట్టె, తే తారిక్ అనే నురగ టీలతో పాటు నాసి లెమాక్ కూడా ఉంది.

తెలుగు వంటింట్లో దీనిని వండబోయేవారు రెండు విషయాలను ముందే మనసులో పెట్టుకోవాలి. ఒకటి, ఇది మన కొబ్బరన్నం కాదు. ఇందులో పోపు లేదు, జీడిపప్పు లేదు, పచ్చిమిర్చి లేదు. అన్నం తెల్లగా, కమ్మగా, ఉప్పు సరిగ్గా పడి, ఆకు వాసనతో ఉండాలి, అంతే. రెండవది, సంబల్ మన ఎర్రకారం కాదు. అది సన్నని మంట మీద చాలాసేపు మగ్గి, కారం తగ్గి, తీపీ పులుపూ పైకి తేలిన పదార్థం. తెలుగు నాలుకకు మొదటిసారి ఆ తీపి కొంచెం ఎక్కువే అనిపిస్తుంది, కానీ దానిని తగ్గించి కారం పెంచితే కొబ్బరిపాల కమ్మదనం ఆ మంటలో పూర్తిగా కొట్టుకుపోతుంది. అందువల్ల కనీసం మొదటిసారైనా చెప్పిన కొలతకు కట్టుబడి వండి చూడాలని నా సలహా.

సరుకులు, వాటికి మన దగ్గర దొరికే ప్రత్యామ్నాయాలు

ఇక్కడ ఇచ్చిన కొలతలు నలుగురికి సరిపోతాయి. బియ్యం రెండు కప్పులు కావాలి. పాత సోనామసూరి బాగా పనికివస్తుంది. కొత్త బియ్యమైతే కొబ్బరిపాలలో ముద్దయిపోతుంది కనుక వాడకపోవడమే మంచిది. కొబ్బరిపాలు ఇంట్లో తీసినవైతే ఒక పెద్ద కాయ సరిపోతుంది: మొదటి పిండుడులో వచ్చిన చిక్కటి పాలు ఒక కప్పు విడిగా ఉంచి, అదే కోరులో గోరువెచ్చని నీళ్లు పోసి తీసిన పలుచటి పాలను నీళ్లకు బదులు వాడుకోవచ్చు. డబ్బా పాలైనా తప్పులేదు, కాకపోతే తీపి కలిపిన రకం కాదని చూసుకోవాలి. కొబ్బరి మలేషియా తీరప్రాంతపు ప్రధాన పంటలలో ఒకటి. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతు కొబ్బరి తోటల్లో పని కోసం బ్రిటిష్ కాలంలో వెళ్లిన వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి కనుక ఈ అన్నపు వాసన మనవాళ్లకు తరతరాలుగా పరిచయమైనదే.

పాండన్ ఆకు ఈ వంటకానికి ప్రాణం. ఇది మన మొగలి పొదకు దగ్గరి చుట్టమైన మొక్క; కోనసీమ గాలిలోనూ, హైదరాబాదు బాల్కనీలో కుండీలోనూ, నీడా తడీ ఉంటే చాలు, పెరుగుతుంది. నర్సరీలలో బాస్మతి వాసన వచ్చే ఆకు అని అడిగితే చాలామందికి తెలుస్తుంది. ఆ మాటలో నిజం కూడా ఉంది, ఎందుకంటే బాస్మతి బియ్యానికీ ఈ ఆకుకూ వాసననిచ్చే రసాయనం ఒక్కటే. ఆకు దొరకనివారు రెండు కప్పుల బియ్యంలో అర కప్పు బాస్మతి కలుపుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది. సీసాలలో అమ్మే పచ్చరంగు పాండన్ ఎసెన్సును మాత్రం దీనిలో వేయవద్దు, అన్నం కాస్తా కేకు వాసన వేస్తుంది.

సంబల్‌కు ఎండుమిరపకాయలు ఇరవై ఐదు నుంచి ముప్పై దాకా పడతాయి. ఈ లెక్క విని గుండె ఝల్లుమనక్కర్లేదు. మిరపకాయ ఇక్కడ కారానికన్నా రంగుకూ చిక్కదనానికీ ఎక్కువగా ఉపయోగపడుతుంది. గుంటూరు తేజ రకాన్ని ఈ లెక్కన వేస్తే ఎవరూ తినలేరు. బ్యాడిగి కాయలు గానీ, ఎరుపు ఎక్కువగా కారం తక్కువగా ఉండే వరంగల్ చపాటా కాయలు గానీ సరిగ్గా సరిపోతాయి. చపాటా లావుగా ఉంటుంది కనుక పదిహేను చాలు.

ఇక బెలాచాన్. సన్నని రొయ్యలకు ఉప్పు కలిపి, ఎండబెట్టి, దంచి, మాగనిచ్చి అచ్చులుగా చేసే ఈ ముద్ద మలేషియా వంటింట్లో మన ఇంగువ డబ్బాలాగా ఎప్పుడూ ఉండే వస్తువు. పెనాంగ్, మెలాకా ప్రాంతాలు దీనికి పేరుపొందాయి. మన దగ్గర దొరకనప్పుడు రెండు చెంచాల రొయ్యపొట్టును కమ్మటి వాసన వచ్చేదాకా పొడిగా వేయించి, మెత్తగా దంచి వాడుకోవచ్చు. మాగిన రుచి దానికి రాదు కానీ రొయ్య వాసన దక్కుతుంది, సంబల్ చప్పబడకుండా ఉంటుంది. అసలు బెలాచాన్ దొరికినవారు ఒక చెంచా ముక్కను పెనం మీద నొక్కి రెండు పక్కలా పొడిపొడి అయ్యేదాకా కాల్చాలి. ఆ సమయంలో కిటికీలు తెరిచి ఉంచడం ఇంట్లోవారికి మంచిది, పక్కింటివారి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

వీటితో పాటు ఒక కప్పు ఎండు నెత్తళ్లు, పది పన్నెండు సాంబారు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు అంగుళాల అల్లం, నిమ్మకాయంత చింతపండు, మూడు పెద్ద చెంచాల తాటిబెల్లం తురుము, అర కప్పుకు మించిన నూనె సిద్ధం చేసుకోవాలి. మలేషియాలో వాడే గులా మెలాకా కొబ్బరిచెట్టు కల్లునీటితో చేసే బెల్లం. తాటిబెల్లం దానికి చాలా దగ్గరగా ఉంటుంది.

సంబల్: తొందర పనికిరాని భాగం

అన్నం కంటే ముందు సంబల్ మొదలుపెట్టాలి, నిజానికి ముందు రోజే చేసి పెట్టుకుంటే మరింత బాగుంటుంది. మిరపకాయల తొడిమలు తీసి, కత్తెరతో రెండు మూడు ముక్కలుగా కత్తిరించి, గింజలు రాల్చేయాలి. ముక్కలను నీళ్లలో పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. చేదూ, కారంలో కొంత భాగమూ ఆ నీళ్లతోనే పోతాయి. ఉడికిన మిరపను సాంబారు ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఒక అంగుళం అల్లం, కాల్చిన బెలాచాన్ లేదా రొయ్యపొడితో కలిపి, అవసరమైనంత మటుకే నీళ్లు చిలకరిస్తూ వెన్నలాగా రుబ్బుకోవాలి. పచ్చడికి రుబ్బినట్టు కచ్చాపచ్చాగా వదిలేస్తే తర్వాత ఎంతసేపు వేయించినా పచ్చివాసన ఒక మూల మిగిలిపోతుంది.

నెత్తళ్లను ముందుగా శుభ్రం చేసుకోవాలి. మలేషియాలో దొరికే ఎండు నెత్తళ్లను, అంటే ఇకాన్ బిలిస్‌ను, పట్టిన వెంటనే ఉప్పునీటిలో ఉడికించి ఎండబెడతారు కనుక ఒక్కసారి కడిగితే సరిపోతుంది. మన తీరంలో ఎండబెట్టినవాటిలో ఇసుక ఉంటుంది. తల, పొట్ట తీసేసి గోరువెచ్చని నీళ్లలో మూడు నాలుగుసార్లు జాడించి, గుడ్డ మీద ఆరబెట్టి, నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. వేగినవాటిలో సగం వడ్డనకు పక్కన పెట్టి, మిగతా సగం సంబల్‌లోకి వాడాలి. వేరుశనగ పప్పులను పొట్టుతోనే అదే నూనెలో వేయించి తీసేయండి.

ఆ నూనెలోనే రుబ్బిన ముద్ద వేసి మంట సన్నగా తగ్గించాలి. అర కప్పు పైచిలుకు నూనె చూసి ఎక్కువేమో అనిపిస్తుంది, కానీ ముద్ద వేగాలంటే నూనెలో మునగాలి. మొదటి ఐదారు నిమిషాలు నూనె అంతా ముద్దలోకి ఇంకి, మూకుడులో నారింజ రంగు గుజ్జు బుడగలు కక్కుతూ చిట్లుతుంది. ఆ దశలో ముక్కుకు తగిలేది పచ్చి ఉల్లి ఘాటే. పదిహేను నిమిషాలకు రంగు ముదిరి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది, బుడగలు చిన్నవవుతాయి, ఘాటు తగ్గి కాల్చిన మిరప వాసన మొదలవుతుంది. ఇరవై అయిదు నిమిషాల ప్రాంతంలో గరిటెతో ముద్దను ఒక పక్కకు తోసి చూస్తే, ఖాళీ అయిన చోటికి ఎర్రటి నూనె నెమ్మదిగా ఊరివచ్చి చేరుతుంది. మలయ్ వంటవారు పెచా మిన్యాక్ అని పిలిచే దశ ఇదే, మన భాషలో నూనె తేలడం. గడియారం కన్నా ఈ గుర్తునే నమ్మాలి. అడుగంటుతోందనిపిస్తే చెంచాడు నీళ్లు చల్లి కలపవచ్చు గానీ, మంట పెంచి పని త్వరగా ముగించాలని చూస్తే మిరప మాడి చేదెక్కుతుంది, ఆ చేదును ఎంత బెల్లం వేసినా కప్పిపుచ్చలేం.

నూనె తేలాక పెద్ద ఉల్లిపాయను చక్రాలుగా తరిగి వేసి, అవి మెత్తబడగానే చిక్కటి చింతపండు పులుసు మూడు చెంచాలు, బెల్లం, కొద్దిగా ఉప్పు చేర్చాలి. నెత్తళ్లలో ఉప్పు ఉందని మరిచిపోకూడదు. ఇంకో పది నిమిషాలు మగ్గనిచ్చి, చివరగా వేయించిన నెత్తళ్లు కలిపి దించాలి. రుచి చూసినప్పుడు ముందు తీపి, వెంటనే పులుపు, ఆ తర్వాతే కారం తెలియాలి. శాకాహారులు రొయ్య, నెత్తళ్లు మానేసి పుట్టగొడుగుల చీలికలను కరకరలాడేలా వేయించి కలుపుకోవచ్చు. మలేషియాలోని శాకాహార హోటళ్లలోనూ పుట్టగొడుగులతో చేసిన సంబల్ దొరుకుతుంది.

అన్నం

బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి వడకట్టాలి. మందపాటి గిన్నెలో బియ్యం, రెండున్నర కప్పుల పలుచటి పాలు లేదా నీళ్లు, మిగిలిన అల్లాన్ని చక్రాలుగా కోసి, ముడివేసిన రెండు మూడు పాండన్ ఆకులు, ఒక చెంచా ఉప్పు వేసి మధ్యస్థమైన మంట మీద ఉడికించాలి. నీళ్లు బియ్యపు మట్టానికి దిగాక చిక్కటి పాలు పోసి, ఒక్కసారి మాత్రం కింద నుంచి మెల్లగా కలిపి, మూతపెట్టి అతి సన్నని మంట మీద పన్నెండు నిమిషాలు ఉంచి, మంట ఆర్పాక మరో పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. చిక్కటి పాలు మొదటినుంచీ మరిగితే విరిగి నూనె తేలుతుంది, అడుగూ పట్టుతుంది. ప్రెషర్ కుక్కరులో వండదలిస్తే పాలు నేరుగా కుక్కరులో పోయకుండా గిన్నెలో పెట్టి వండాలి. ఓపిక ఉన్నవారు పాతకాలపు పద్ధతిలో నానిన బియ్యాన్ని ఆవిరి మీద సగం ఉడికించి, ఉప్పు కలిపిన వేడి కొబ్బరిపాలలో కలిపి, మళ్లీ ఆవిరి పట్టవచ్చు. మెతుకు మెతుకు విడివిడిగా రావడానికి దీనిని మించిన దారి లేదు. తూర్పుతీరంలోని కెలంతాన్, తెరెంగాను వైపు కొబ్బరిపాల అన్నంలోనే మెంతులు వేసి, చేపల కూరతో నాసి దగాంగ్ అనే మరో వంటకం చేస్తారు. దాని సంగతి వేరు, ఈ అన్నంలో మెంతులు వేయవద్దు.

పొట్లం కట్టడం, వడ్డన

పళ్లెంలో వడ్డించుకున్నా తప్పులేదు, కానీ అరటాకులో కట్టిన పొట్లానికి ఉండే రుచి పళ్లేనికి రాదు. ఆకును మంట మీద అటూ ఇటూ తిప్పి వాడ్చి, వేడి అన్నం పెట్టి, పైన సంబల్, పక్కన నెత్తళ్లు, పప్పులు, సగం గుడ్డు పేర్చి, పొట్లంగా మడిచి, పైన కాగితం చుట్టి పది నిమిషాలు ఉంచితే, ఆవిరికి ఆకు వాసన అన్నంలోకి దిగుతుంది, సంబల్ నూనె కొంచెం మెతుకులకు పట్టుతుంది. కీరా మాత్రం తినే ముందే చేర్చాలి, లేకపోతే వడలిపోయి నీరు కారుతుంది. తినేటప్పుడు సంబల్‌ను అన్నమంతటా కలిపేయకుండా ముద్దముద్దకూ కాస్త కాస్త అద్దుకోవాలి.

పక్కన కోడికూర కావాలనుకునేవారు మసాలా పట్టించి వేయించిన కోడినైనా, రెండాంగ్‌నైనా ఎంచుకోవచ్చు. రెండాంగ్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం: కొబ్బరిపాలలో గంటలకొద్దీ మగ్గే ఆ కూరలో కోడి చర్మం కరకరలాడదు, కరకరలాడకూడదు కూడా. 2018లో బ్రిటన్‌లోని ఒక టీవీ వంటల పోటీలో నాసి లెమాక్‌తో కోడి రెండాంగ్ వడ్డించిన మలేషియా మూలాల మహిళను, చర్మం కరకరలాడలేదన్న విమర్శతో ఇంటికి పంపినప్పుడు, అప్పటి మలేషియా ప్రధానమంత్రి నజీబ్ రజాక్‌తో సహా దేశమంతా ఎదురు మాట్లాడింది. ఇండోనేషియన్లు, సింగపూర్‌వాసులు కూడా వారితో గొంతు కలిపారు. తిండి ఎవరిదన్న విషయంలో తరచూ వాదించుకునే ఈ మూడు దేశాలవారూ అప్పుడు ఒకే మాట మీద నిలబడ్డారు.

తాగడానికి తే తారిక్ చేసుకోవాలంటే డస్టు టీపొడిని నల్లగా మరిగించి వడకట్టి, కప్పుకు రెండు చెంచాల తీపి కండెన్స్‌డ్ పాలు కలిపి, రెండు గ్లాసుల మధ్య ఎత్తు నుంచి నాలుగైదుసార్లు తిరగబోస్తే నురగ కడుతుంది. పంచదార వేరే వేయనక్కర్లేదు.

కొబ్బరిపాల అన్నం మన వాతావరణంలో సాయంత్రానికే పులుస్తుంది కనుక ఏ పూటకు ఆ పూటే వండుకోవాలి. సంబల్ అలా కాదు; పైన నూనె తేలి ఉండేలా పొడి సీసాలో నింపి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు నిక్షేపంగా ఉంటుంది. ఇలా నిల్వ పెట్టదలిస్తే వేయించిన నెత్తళ్లను అందులో కలపకుండా విడిగా దాచి, తినే పూట వేడిచేసిన సంబల్‌లో కలుపుకుంటే మెత్తబడవు. మిగిలిన సంబల్‌లో వేయించిన బెండకాయలు గానీ, ఉడికించిన గుడ్లు గానీ వేసి రెండు నిమిషాలు మగ్గిస్తే మరుసటి పూటకు కూర అవుతుంది.