పీనియల్ సిస్టును ఎంఆర్ఐలో నిర్ధారించే విధానం

తలనొప్పికో తలతిరుగుడుకో తీయించిన ఎంఆర్ఐలో పీనియల్ సిస్టు (మెదడు మధ్యలోని పీనియల్ గ్రంథిలో ఏర్పడే ద్రవపు తిత్తి) అనుకోకుండా బయటపడటం తరచుగా జరిగేదే. చాలావరకు ఇవి హానిచేయనివి, 10 మిల్లీమీటర్లకు లోపువి. అయినా అది సాదా సిస్టేనా, లోపల నీరు చేరిన కణితా అన్నది తేల్చిన తరువాతే రోగికి ధైర్యం చెప్పాలి.

మొదట మధ్యరేఖ వెంట తీసిన పలుచని సాజిటల్ (పక్కనుంచి చూసినట్టుండే) చిత్రాలు చూడండి. మూడో వెంట్రికిల్ (మెదడులోని ద్రవపు గది) వెనుక, టెక్టమ్ (మధ్యమెదడు వెనుకభాగం) పైభాగాన, గుండ్రంగా గాని కోలగా గాని, నునుపైన అంచుతో, 2 మిల్లీమీటర్లకు మించని గోడతో ఉంటే సిస్టు అనడానికి బలం చేకూరుతుంది. లోపలి ద్రవం టీ2 అనే రకం ఎంఆర్ఐ చిత్రాలలో మెదడు చుట్టూ ఉండే ద్రవంలాగే తెల్లగా ఉంటుంది. ఫ్లెయిర్ అనే మరో రకం చిత్రాలలో మాత్రం మెదడు చుట్టూ ఉండే ద్రవం నల్లబడినా, ప్రోటీన్ ఎక్కువగా ఉండటం వల్ల సిస్టు పూర్తిగా నల్లబడకపోవచ్చు. అంతమాత్రాన దాన్ని కణితిగా భావించకూడదు. డిఫ్యూజన్ (నీటి అణువుల కదలికను చూపే) చిత్రాలలో ప్రకాశవంతంగా కనిపిస్తే ఎపిడెర్మాయిడ్‌ను (చర్మకణాలతో ఏర్పడే తిత్తిని) అనుమానించాలి.

ఎక్కువగా పొరపడేది కాంట్రాస్ట్ (మందు ఎక్కించి తీసే) చిత్రాల దగ్గరే. పీనియల్ గ్రంథికి రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అవరోధం లేనందువల్ల, సిస్టు చుట్టూ ఒత్తుకుపోయిన గ్రంథి కణజాలం గాడోలినియం అనే ఆ మందును పీల్చుకుని సన్నని అంచుగా మెరుస్తుంది. చిత్రాలు ఆలస్యంగా తీస్తే మందు లోపలి ద్రవంలోకి కూడా చేరి, సిస్టు మొత్తం ఘనమైన గడ్డలా కనిపించగలదు. అందుకే ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే తీసిన చిత్రాలనే ప్రమాణంగా తీసుకోవాలి.

సీటీలో అంచున కాల్షియం కనిపించవచ్చు. కాల్షియాన్ని కణజాలం చుట్టేసి ఉంటే, ముఖ్యంగా యువకులలో, జెర్మినోమాను (బీజకణాల నుంచి పుట్టే కణితిని) ఆలోచించి రక్తంలో కణితి గుర్తులైన ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ పరీక్షలు చేయించాలి. పీనియోసైటోమా (పీనియల్ కణాల నుంచి పుట్టే కణితి) కొన్నిసార్లు అచ్చం సిస్టులాగే ఉంటుంది గనుక, గోడ మందంగా ఉన్నా, ముడి వంటి ఘనభాగం కనిపించినా, పాత స్కాన్‌తో పోల్చినప్పుడు పెరిగినట్టు తేలినా న్యూరోసర్జన్ అభిప్రాయం తప్పనిసరి.

నివేదికలో మూడు దిశల కొలతలతోపాటు, అక్విడక్టు (మూడో, నాలుగో వెంట్రికిళ్లను కలిపే సన్నని దారి) నొక్కుకుపోయిందా, వెంట్రికిళ్లు ఉబ్బాయా అన్నది స్పష్టంగా రాయాలి. కళ్లు పైకి ఎత్తలేకపోవడం, వాంతులతో తీవ్రమైన తలనొప్పి ఉంటే ఆలస్యం చేయరాదు. హఠాత్తుగా నొప్పి వచ్చి, సిస్టులో ద్రవం రెండు పొరలుగా కనిపిస్తే లోపల రక్తస్రావం జరిగి ఉండవచ్చు. ఈ లక్షణాలేవీ లేని పెద్దవారిలో, చిన్నదై, పైన చెప్పిన రూపంలోనే ఉన్న సిస్టుకు మళ్లీ మళ్లీ స్కాన్లు సాధారణంగా అవసరం లేదని ఆ నివేదికలోనే రాయడం మంచిది.