32 ఏళ్లకు మొటిమలు: నాకు పనిచేసిన మందులు

పెళ్లై, పిల్లవాడు బడికి వెళ్తున్న వయసులో నా దవడ మీద, గడ్డం చుట్టూ నొప్పి పుట్టే మొటిమలు మొదలయ్యాయి. తిరుపతిలో మా వీధి మందుల షాపతను ఇచ్చిన క్రీము రాశాను. వారంలో ముఖం నున్నగా అయింది. మానగానే రెట్టింపు వచ్చాయి, చర్మం ఎర్రబడి మండేది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

చివరికి రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లాను. డాక్టరమ్మ ట్యూబు తిప్పి చూసి, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా, ముందు ఇది ఆపెయ్" అన్నారు. నెలసరి సరిగా వస్తోందా అనీ అడిగారు. పీసీఓఎస్ (ఆడవాళ్లలో నెలసరి తప్పే హార్మోన్ల సమస్య) ఉన్నా ఇలా వస్తాయట, నాకు అది లేదు.

రాసిచ్చినవి రెండే: పొద్దున 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి 0.1 శాతం అడాపలీన్ జెల్. నెలకు 400 రూపాయలు దాటలేదు. బఠాణీ గింజంత తీసుకుని మొటిమల మీదే కాక ముఖమంతా పలచగా రాయాలి. త్వరగా తగ్గాలని నేను ఎక్కువ రాశాను, చర్మం పొట్టు రాలింది. తర్వాత రోజు విడిచి రోజు రాసి, పైన మామూలు మాయిశ్చరైజర్ పూశాను. పెరాక్సైడ్ తగిలితే తువ్వాళ్ల రంగు పోతుంది, తెల్లవి వాడండి. మన ఎండలకు సన్‌స్క్రీన్ తప్పదు. గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

మొదటి నెలంతా ఏమీ తగ్గలేదు, ఏడుపొచ్చేది. 12వ వారానికి కొత్తవి రావడం ఆగింది. మచ్చలు మాత్రం ఇంకా ఉన్నాయి, మెల్లగా పలచబడుతున్నాయి.